గురువారం, నాలుగు నుంచి అయిదు

పొద్దున ఆరుకు సి క్యాంపులో డాక్టరమ్మ కవలలు.
ఏడున్నరకు వెంకటరమణ కాలనీ,
బంటును ఇంకా గుర్రం మాదిరి ఎగిరించే బుడ్డోడు.
సాయంత్రం బుధవారపేట,
ఆపైన బళ్లారి చౌరస్తా దాటి మూడంతస్తులు, లిఫ్టు లేదు,
పైన ఒకే ఒక పిల్ల.

గంటకు మూడొందలు.
గంటంటే
వాళ్ల గుమ్మంలో చెప్పులు విడిచిన కాడినుంచి
మళ్లీ తొడుక్కునే దాకా.
హంద్రీ వంతెన మీద ఇరుక్కున్న ఇరవై నిమిషాలు ఎవరి ఖాతా?
"బాబు స్నానం చేస్తున్నాడు, కూర్చోండి సార్"
ఆ పావుగంట?
రాత్రి పదకొండుకు ఫోను:
"మావాడు నిన్న ఎందుకు ఓడిపోయినాడంటారు?"
లేచి కూర్చుని
పలక లేకుండా, పావులు లేకుండా, చీకట్లో
ఇరవై మూడో ఎత్తు దాకా చెప్పుకొస్తాను.
పక్కన మా ఇంటామె అటు తిరిగి పడుకుంటుంది.

పద్నాలుగేండ్లు ఇట్లనే.
కిరాణా కొట్టు క్యాలెండరే నా డైరీ,
ఒక్కో గడిలో ఇద్దరి పేర్లు ఒకదానిమీదొకటి పడి
రెండూ చదవరావు.
ఎవరన్నా వచ్చి "మద్దిలేటి సార్ ఉన్నాడా?" అంటే
"ఎప్పుడు?" అంటుంది మా ఆమె.

మొన్న ఎండాకాలం జిల్లా పోటీలు.
ఫంక్షన్ హాలు. ముందురోజు పెళ్లి బంతిపూలు
స్తంభాలకింకా వాడుతున్నాయి.
జొహరాపురం ముబీనా, మెకానిక్కు కూతురు,
శకటును బలిచ్చింది.
నేను నేర్పని ఎత్తు.
నా ఒళ్లు జల్లుమంది.
వేసి, చేతులు కట్టుకుని, పలక వైపే చూస్తా కూర్చుంది.
గడియారం నొక్కలేదు.

ఎదుటి పిల్లోడు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు.
చెప్పలేదు.
చెప్పాల్సిన పని వాడికి లేదు.
తాడు ఇవతల నిలబడిన నేను చెప్పకూడదు.
నాలుగు నిమిషాలు. రెండు.
నా పండ్లు నేనే కొరుక్కుంటున్నా.
సున్నా.

బయట కుళాయి కాడ మొగం కడుక్కుంటా ఏడ్చింది.
"మంచి ఎత్తే వేసినా కదా సార్!"
"వేసినావు పాపా. నొక్కలేదు."

అన్నాక
ఆ మాట పోలేదు.
నా వెనక స్కూటరెక్కింది.
రాజ్‌విహార్ సిగ్నల్ కాడ ఎర్ర అంకెలు
తొంభై నుంచి కిందికి దిగుతుంటే
చెవి పక్కన మళ్లీ అంది.
పద్నాలుగేండ్ల ఎత్తులు, అన్నీ మంచివే.
ఎదురుగా కూర్చున్నోళ్లూ చెడ్డోళ్లేం కాదు.
వెనక హారన్లు మోగినాయి. పచ్చ ఎప్పుడో పడింది.

ఆ రాత్రి మెసేజు రాసినా.
తుడిపినా. రాసినా. తుడిపినా.
"తొమ్మిది దాటితే ఫోను తీయను.
రావద్దని ముందురోజే చెప్పకుంటే ఆ గంటకు ఫీజు ఉంటుంది."
పంపి, ఫోను బోర్లా పెట్టి,
మంత్రిని ఊరికే పోగొట్టుకున్న పిల్లోడి మాదిరి
గోడ చూస్తా కూర్చున్నా.

రెండిండ్లు మానుకున్నాయి.
"ఇంత కఠినమేంది సార్" అనిందొకామె.
బుధవారపేట తాత మాత్రం
మనవడు ఎగ్గొట్టిన గంటకు డబ్బులు
పెండ్లి కవర్లో పెట్టి, ఒక రూపాయి కలిపి ఇచ్చినాడు.
నెలాఖరుకు నాలుగు వేలు తక్కువ.
అబద్ధమెందుకు, స్కూటరు టైరు ఇంకా అరిగిందే.

క్యాలెండర్లో ఒక గడి తెల్లగా మిగిలింది.
డాక్టరమ్మ ఫోను:
"గురువారం నాలుగుకు ఖాళీనే కదా సార్? మా అక్క కొడుకు..."
"ఖాళీ లేదమ్మా."
"ఎవరున్నారు?"
"ఒకడున్నాడు. చానా వెనకబడినాడు."

గురువారం.
బండి కాడ ఉగ్గాని, బజ్జీ.
పార్సిల్ కట్టబోయినాడు అలవాటుగా.
"వద్దు, ఇక్కడే" అంటే
నన్ను ఒకసారి కింది నుంచి పై దాకా చూసి ప్లేటు కడిగినాడు.
మిరపకాయ కాలుతుంటే ఊదుకుని ఊదుకుని తిన్నా.
అయిపోయింది.

నాలుగూ పదకొండు.
ఇంకా నలభై తొమ్మిది నిమిషాలు.
చేతులు యాడ పెట్టుకోవాల్నో
తెలీలేదు.